లినక్స్‌కు నేనిచ్చిన నాలుగు లైన్లు

విండోస్ మంచిదా, లినక్స్ మంచిదా అని మీరు గొంతులు చించుకుంటుంటే పక్కన కూర్చుని వినడం నాకు సరదా. నన్ను మాత్రం తీర్పు చెప్పమనకండి. ఒకసారి చెప్పాను. ఊరికే నోటిమాటగా కాదు, నివేదిక రాసి, కింద సంతకం పెట్టి మరీ చెప్పాను. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. అయినా అంత సిగ్గుమాలిన రాత నా ఉద్యోగంలో ఇంకోటి రాయలేదు. దానికంటే సిగ్గుమాలిన మాట మాత్రం ఒకటి అన్నాను. అది కూడా ఆ నివేదిక ఇచ్చిన రోజే.

మదనపల్లెలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో నేను రికార్డు గుమాస్తాని. దాని పేరెందుకులెండి. పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి దానికి చిన్న శాఖలుండేవి. వచ్చిన ప్రతి రోగికీ ఒక పసుపు కార్డు ఇచ్చేవాళ్ళం. మళ్ళీ వచ్చినప్పుడు కార్డు చూపిస్తే ఆ నంబరు పట్టుకుని పాత ఫైలు తీస్తాం. చూపించేవాళ్ళు సగం మందే. మిగతావాళ్ళ కార్డు వానకు నానిపోయి ఉంటుంది, లేదా మేక తినేసి ఉంటుంది. అప్పుడు పేరును బట్టి వెతకాలి. ఏ మందు పడదో ఫైల్లో ఎర్ర సిరాతో రాసి ఉంటుంది కాబట్టి, పేరు దొరక్కపోతే డాక్టరు చీకట్లో సూది వేసినట్టే. నా కుర్చీకి ఉన్న విలువంతా అక్కడే ఉంది.

తొంభైల మొదట్లో మాకు మొదటి కంప్యూటరు వచ్చింది. డాస్. నల్లటి తెర, కొసన మిణుక్కుమనే ఒక గీత, అంతే. నన్ను బెంగుళూరు పంపి మూడు వారాలు నేర్పించారు. ఇప్పటికీ చెప్తాను, డాస్ లాంటి బుద్ధిమంతురాలు ఇంకొకతె లేదు. కరెంటు పోయి వస్తే, పైన ఫ్యాను వేగం అందుకునేలోపు ఇది పనికి సిద్ధమయ్యేది. ఎలుక అక్కర్లేదు, బొమ్మలక్కర్లేదు, సిస్టమంతా కలిపి ఒక ఫ్లాపీలో పట్టేది. అయితే దానికి కమాండ్లు తెలిసినవాడి మాటే వినడం అలవాటు, ఆ కమాండ్లు తెలిసింది నాకొక్కడికే. పెద్ద పెద్ద డాక్టర్లు నా కుర్చీ వెనక నిలబడి, 'కొంచెం చూడండి' అని బతిమాలేవారు. డాస్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం అదే.

కొన్నేళ్ళకు విండోస్ వచ్చింది. మొదట నాకు ఒళ్ళు మండింది. నర్సులు రెండు రోజుల్లో నేర్చేసుకున్నారు. బొమ్మ మీద నొక్కితే ఫైలు వస్తోంది, ఇంక నన్ను బతిమాలేదెవరు? కానీ దాన్ని మిషన్లలో ఎక్కించే పని, చెడితే బాగుచేసే పని నాకే అప్పగించారు. చెడిపోవడంలో అది ఏ లోటూ చేయలేదు కాబట్టి నా గిరాకీ తగ్గలేదు. ఎవరో ఒకరు బయటి ఫ్లాపీ పెట్టి వైరసు తెస్తారు, పని మధ్యలో తెర బిగుసుకుపోతుంది, నేను వెళ్ళి ఆపి మళ్ళీ పెడతాను. ప్రింటరు మాత్రం తీగ తగిలిస్తే చాలు, పనిచేసేది. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే చీటీ తెలుగు అక్షరాల్లో వచ్చేది. జనం ఆ చీటీ చదువుకుని మురిసిపోయేవారు. ఏడాదిలో నేను విండోస్ మనిషినైపోయాను.

విండోస్ బరువు మొయ్యలేని ఆ పాత డాస్ మిషను మీద 'పనికిరాదు' అని కాగితం అంటించి, అడ్డం ఎందుకని కుప్పం పంపించేశాను. నా పతనం ఆ పెట్టెలోనే కుప్పం బస్సెక్కిందని అప్పుడు నాకు తెలియదు.

కుప్పం శాఖలో రికార్డులు చూసే ఆమెది వెంకటగిరికోట పక్క. నాకంటే పదేళ్ళు చిన్న. తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే ఊపిరిలో మాట్లాడేది. నన్ను 'అన్నా' అని పిలిచేది. ఆమెకు ఎవరూ ఏదీ నేర్పించలేదు, బెంగుళూరు పంపలేదు. ఏదో కంప్యూటరు పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీలో లినక్స్ ఉంటే, వరసగా నాలుగు ఆదివారాలు కూర్చుని నేను పారేసిన మిషనులో ఎక్కించింది. బొమ్మలేమీ లేకుండా, డాస్ లాగానే నల్ల తెర మీద. ఆ మిషను నెలల తరబడి ఆపకుండా నడుస్తోందట, వైరసు అనే మాటే లేదట.

ఈ 'అట'లన్నీ మా పెద్ద డాక్టరుగారు మోసుకొచ్చి నా చెవిలో పోసినవి. మూడు ఆసుపత్రులకూ ఆయనే పెద్ద. కుప్పం వెళ్ళొచ్చిన ప్రతిసారీ, 'మీరు పనికిరాదన్న మిషను అక్కడ బంగారంలా పనిచేస్తోందండీ' అనేవారు. బంగారంలా. ఆ మాటకు నాకు రెండు రోజులు అన్నం సయించేది కాదు. పన్నెండేళ్ళుగా ఆయన పక్కనే పనిచేస్తున్నాను, నా పని ఆయనకు ఒక్కనాడూ ఇత్తడిలా కూడా కనపడలేదు.

చివరికి ఉండబట్టలేక, సాయం చేయడానికన్నట్టు ఒకరోజు కుప్పం వెళ్ళాను. నిజానికి తప్పు వెతకడానికే వెళ్ళాను.

'రాన్నా, కూసో. ఈడ సూడు,' అని ఆమె కీబోర్డు లాక్కుంది. సౌడప్ప అనే పేరు కొట్టింది. తెర మీద సౌడప్పలు, చౌడప్పలు అందరూ కలిసి వరసగా వచ్చారు.

'నువ్వు కొట్టింది సౌడప్ప కదా, చౌడప్ప ఎందుకొచ్చాడు?' అన్నాను.

'మన పక్కోళ్ళు చ అనరు కదన్నా, స అంటారు. రాసేటోళ్ళల్లో ఒగరు స రాస్తారు, ఒగరు చ రాస్తారు. అందుకని రెండూ ఒగటే అనుకోమని దీనికి చెప్పినా. మునెప్ప, మునియప్ప కూడా అట్లే. ఇదో, ఒక్క లైను అంతే. లినక్స్‌లో చిన్న చిన్న కమాండ్లు ఉండాయి. ఒగదాని కొస ఇంకోదాని మొదలుకు కడతా పోవడమే.'

ఒక్క లైను. నాకు ఆ లైను అర్థం కాలేదు, కానీ అదేం చేస్తోందో బాగా అర్థమైంది. రోజూ రోగులొచ్చే కిటికీ దగ్గర నేను పడే అవస్థకు మందు అది. అది నాకు తట్టలేదు, ఈమెకు తట్టింది.

'పేరు సరిగ్గా రాసుకుంటే ఈ తిప్పలన్నీ ఎందుకమ్మా?' అన్నాను.

'సరిగ్గా అంటే ఎవురి సరిగ్గానన్నా?' అంది. ఎగతాళిగా అన్నట్టు లేదు. నిజంగానే అడిగింది.

ఆమె నా కోసం కూడా కలిపి తెచ్చిన సంగటి, ఊరుబిండి పచ్చడి తిన్నాను. బాగుందని రెండోసారి కూడా వేయించుకున్నాను. తిరుగు బస్సులో పలమనేరు దాకా, ఆ సంగటి కూడా మా ఇంట్లోకంటే బాగుండటమేమిటని కుళ్ళుకుంటూ కూర్చున్నాను.

ఇక్కడ నా గొప్ప ఒకటి చెప్పాలి. మదనపల్లె రికార్డుల్లో పేర్లు శుద్ధంగా ఉంటాయని నాకు మహా గర్వం. సిన్నక్క అని ఎవరైనా చెప్తే చిన్నక్క అని ఎక్కించేవాణ్ణి. సెంగప్పను చెంగప్ప చేసేవాణ్ణి. కంప్యూటరులో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఎక్కినా, ఏ అక్షరం పడాలో నిర్ణయించేది నా తెలుగు. కొందరిని కిటికీ దగ్గరే నిలబెట్టి, మీ పేరు ఇలా పలకాలమ్మా అని పాఠం కూడా చెప్పేవాణ్ణి.

ఆ ఏడాది పెద్ద డాక్టరుగారు ఒక నిర్ణయానికొచ్చారు. మూడు ఆసుపత్రుల రికార్డులూ ఒకే పద్ధతిలో ఉండాలి, మదనపల్లెలో కూర్చుని అన్నిటినీ ఒకరే చూసుకోవాలి. ఏ సిస్టమ్ అయితే మేలో నన్నొక నివేదిక రాయమన్నారు. పుంగనూరు రెండు ఊళ్ళకూ నడుమ ఉంది కాబట్టి అక్కడ రెండు మిషన్లూ పక్కపక్కన పెట్టి, తనే కళ్ళారా చూసి తేలుస్తానన్నారు. విండోస్ నెగ్గితే ఆ కుర్చీ నాది, లినక్స్ నెగ్గితే ఆమెది. అప్పుడు నేను ఆమె కింద పనిచెయ్యాలి.

నివేదిక రాశాను. విండోస్‌కు రెండున్నర పేజీలు. నర్సులు నేర్చుకోవడం, ప్రింటరు, తెలుగు చీటీ, చెడితే బాగుచేసేవాళ్ళు మదనపల్లె బజారులోనే దొరకడం, అన్నీ రాశాను. వైరసులూ బిగుసుకుపోవడం కూడా దాచలేదు, నిజాయితీగా కనపడాలి కదా. డాస్‌కు ప్రేమకొద్దీ ఒక పేరా ఇచ్చాను. లినక్స్‌కు నాలుగు లైన్లు. ఉచితం. పాత మిషన్లలో నడుస్తుంది. వైరసుల బెడద లేదు. తెలిసినవాళ్ళు తక్కువ. నాలుగూ నిజాలే. ఆమె చూపించిన పేర్ల వెతుకులాట గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. అది సిస్టమ్ గుణం కాదు, మనిషి గుణం, నన్నడిగింది సిస్టమ్ గురించే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆలోచిస్తే అదీ నిజమే. ఆ పని కష్టపడితే విండోస్‌లోనూ చెయ్యొచ్చు. చెవి ఉన్న మనిషి కావాలి, అంతే. నాకా చెవి లేదని రాయడానికి చెయ్యి రాలేదు.

పుంగనూరులో ఆ రోజు పొద్దున ఆమె తన మిషనును దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చింది. మూడు ఊళ్ళ పేర్లూ, ఎవరికి ఏ మందు పడదో అదీ రెండింటిలోనూ ఎక్కించాం. డాక్టరుగారు కుర్చీ వేసుకుని మధ్యలో కూర్చున్నారు.

మొదట ప్రింటరు. నాది గీసినట్టు అచ్చేసింది. ఆమెది ఏవో పిచ్చి గుర్తులు నాలుగు కక్కి ఊరుకుంది. తర్వాత పుంగనూరు నర్సును పిలిచి రెండింటి మీదా కూర్చోబెట్టారు. నా దాని మీద పది నిమిషాల్లో చేయి తిరిగింది. లినక్స్ ముందు మాత్రం, 'ఏం కొట్టాల్నో తెలీలేదక్కా' అని లేచిపోయింది. తర్వాత డాక్టరుగారు కరెంటు మెయిన్ ఆపి మళ్ళీ వేశారు. రెండు మిషన్లూ డిస్కంతా తడుముకుంటూ చాలాసేపు కూర్చున్నాయి. ఆ పోటీలో మా పాత డాస్ ఉండుంటే ఇద్దర్నీ ఓడించేది. చీటీల మీద రాసిచ్చిన పేర్లు వెతకడంలో ఇద్దరం సమానం. మొత్తం మీద నాదే పైచేయి. డాక్టరుగారు నా నివేదిక తిరగేస్తూ తలాడించారు. ఆ కుర్చీకి కొత్త గుడ్డ ఏ రంగు వేయించాలో కూడా నేను ఆలోచించేశాను.

అప్పుడొచ్చింది ఒక పెద్దావిడ. ఈ కథలో ఆమె పేరొక్కటి చెప్పక తప్పదు. సాకమ్మ. పుట్టిందీ మెట్టిందీ పెద్దతిప్పసముద్రం పక్క, కన్నడ దేశపు పొలిమేర దగ్గర. ఇప్పుడు పెద్దపంజాణి దగ్గర కూతురింట్లో ఉంటోంది. ముల్లు గుచ్చుకుని పాదం చీము పట్టి, ఒళ్ళు కాలిపోతోంది. కార్డు లేదు.

'ముందర మదనపల్లెలో సూపించుకున్నా సామీ. ఆడ ఏందో సూది ఏసిరి. ఒళ్ళంతా దద్దుర్లు లేసి ఊపిరాడలే. చచ్చి బతికినా,' అంది. ఏ సూదో తెలియదు.

డాక్టరుగారు మా ఇద్దరి వైపూ తిరిగారు. 'ఇదే అసలు పరీక్ష. ఈమె ఫైలు తియ్యండి.'

నేను సాకమ్మ అని కొట్టాను. మదనపల్లెలో ఆ పేరే లేదు. కుప్పం ఆమె కూడా కొట్టింది. ఆమె తెర మీద మూడు పేర్లొచ్చాయి. మూడోది చాకమ్మ, మదనపల్లె.

ఆ పేరు చూడగానే నాకు అన్నీ గుర్తొచ్చాయి. నా కిటికీ, దాని ముందు తల మీద కొంగు కప్పుకుని నిలబడ్డ మనిషి, నా తెలివి. సాప అంటే చాప, సేప అంటే చేప, కాబట్టి సాకమ్మ అంటే చాకమ్మ అని లెక్క కట్టి ఎక్కించింది నేనే. లోకంలో చాకమ్మ అనే పేరే లేదని నాకు ఎందుకు తట్టలేదో.

'అన్నా, మదనపల్లెలో చాకమ్మ అని ఒగరుండారు. ఈయమ్మే అయ్యుంటుందా?' అని ఆమె నన్నడిగింది.

అందరూ నా వైపు చూశారు. అవునంటే ఆమె ఒక్క లైను నెగ్గుతుంది, కుర్చీ పోతుంది, నా శుద్ధమైన పేర్ల బండారం ఆ గదిలోనే బయటపడుతుంది. ఇదంతా ఆలోచించడానికి ఎంతోసేపు పట్టలేదు.

'కాదు. అది వేరే మనిషి,' అన్నాను. అక్కడితో ఆగలేదు. 'ఇలా రెండు పేర్లు కలిపేస్తే ఒకరి మందు ఇంకొకరికి పోతుంది సార్. ఈ పద్ధతిలో ఉన్న ప్రమాదమే అది,' అని కూడా అన్నాను.

డాక్టరుగారికి ఆ మాట సబబుగానే తోచింది. పాత రికార్డు లేదు, జ్వరం చూస్తే ఆగేలా లేదు. మామూలుగా వేసే సూదే, కొంచెం పరీక్షించి వేద్దామని నర్సును సిద్ధం చేయమన్నారు. నర్సు లోపలికి వెళ్ళింది.

కుప్పం ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. తర్వాత మిషను వదిలేసి వెళ్ళి ఆ పెద్దావిడ పక్కన నేల మీద కూర్చుంది.

'అవ్వా, నీకు సాకమ్మ అని యాల పేరు పెట్నారు?' అని అడిగింది.

'నాకు ముందర నలుగురూ ఆడబిడ్డలే పుట్నారంట తల్లీ. నేనూ ఆడదే అయితే మా నాయన ఇంక సాకు అన్నాడంట. మా పక్క కన్నడంలో సాకు అంటే సాలు అని. అదే పేరు పెట్టేసిరి.'

'మదనపల్లెలో ఏం పేరు సెప్పినావు?'

'ఇదే సెప్పినా. రాసే ఆయప్ప ఇనలే. సాకమ్మ అనగూడదు, చాకమ్మ అనాల అని నాకే నేర్పించె. నా పేరు నాకు తెలీదా నాయనా అంటే కోప్పడె.' అప్పటిదాకా బాధతో నేల చూపులు చూస్తున్న మనిషి తలెత్తి నన్ను చూసింది. 'ఇదో, ఈయప్ప మాదిరే ఉండె. ఇంత పొట్ట లేదు.'

కుప్పం ఆమె లేచి చాకమ్మ రికార్డు తెరిచింది. ఊరు అదే, మొగుడి పేరు అదే. కింద పడదని రాసున్న సూది పేరు పైకి చదివింది. నర్సు ఆ సూదే ట్రేలో పెట్టుకుని అప్పుడే గుమ్మం దాకా వచ్చింది. డాక్టరుగారు లేచి వెళ్ళి ఆ ట్రే తన చేత్తో తీసి పక్కన పెట్టారు. వేరే మందు రాశారు. చీము తీసి కట్టు కట్టారు. పది రోజులకు సాకమ్మ నడుచుకుంటూ వెళ్ళిందని తర్వాత విన్నాను.

డాక్టరుగారు నన్ను తిట్టలేదు. 'చాకమ్మ అని ఎందుకు రాశారండీ?' అని మాత్రం అడిగారు.

'మా పొలిమేర పేర్లు అట్లే ఉంటాయి సార్. తెలీకపోతే ఎవురైనా తప్పే రాస్తారు,' అని ఆమె నా తరఫున చెప్పింది. తిట్టినా నాకు అంత మంట పుట్టేది కాదు.

తీర్పు వచ్చింది. నర్సుల బల్లల మీదా ప్రింటర్ల దగ్గరా విండోస్. పేర్లుండే అసలు మిషను మూడు చోట్లా లినక్స్. మదనపల్లె కుర్చీ ఆమెది. నన్ను కుప్పం పంపారు. నేను శుద్ధి చేసిన పేర్లన్నిటినీ ఒక్కొక్కటే పాత చీటీలతో సరిచూసి మళ్ళీ జనం పలికేలా మార్చాలి. అంతా నేను పనికిరాదన్న ఆ మిషను ముందే కూర్చుని. లినక్స్ అక్కడే నేర్చుకున్నాను, పళ్ళు కొరుక్కుంటూ. మంచి సిస్టమే. ఆ మాట ఆమె ముందు అనడానికి ఏడాది పట్టింది నాకు.

ఆమె నెలకొకసారి తనిఖీకి వచ్చేది. అప్పుడూ అన్నా అనే పిలిచేది. కుప్పంలో అందరూ లేచి నిలబడి ఆమె చుట్టూ చేరేవారు. నేను లేవకుండా తెరలోకి చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒక మధ్యాహ్నం మేమిద్దరమే ఉన్నాం. ఆమె నేను మార్చిన పేర్లు చూస్తోంది. ఎందుకో ఇంక లోపల ఉంచుకోలేకపోయాను.

'ఆ రోజు పుంగనూరులో వేరే మనిషి అన్నాను చూడమ్మా, తెలిసే అన్నాను,' అన్నాను.

ఆమె కాగితాల్లోంచి తలెత్తలేదు. 'తెలుసన్నా. అందుకే నిన్ను మల్లా అడగలే, ఆయమ్మను అడిగినా.'

'మరి డాక్టరుగారికి ఎందుకు చెప్పలేదు?'

'సెప్తే నిన్ను తీసేస్తారు. ఇట్లాంటి చాకమ్మలంతా యాడుండారో నీకు తప్ప ఇంకెవురికి తెలుసు?'

అంత కోపం రావలసిన చోట, తప్పులు రాసినవాడే వాటిని వెతకగలడన్న ఆ ఒక్క ముక్క ఆమెకు ఎలా తట్టిందా అని నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది. కళ్ళద్దాలు తుడుచుకుని తర్వాతి పేరు తీశాను.